ఏ చక్కెరైతేనేం, తీపే కదా!

పాశమైలారంలో ఓ మందుల కంపెనీలో 19 ఏళ్లుగా క్వాలిటీ కంట్రోల్ పని చేస్తున్నాను. తెల్లటి పొడి ఏది ముందు పెట్టినా తూచి, ఎండబెట్టి, తడి ఎంతుందో చెప్పగలను. అలాంటివాడికి వంటింట్లో చక్కెర ఓ లెక్కా? నిరుడు దసరా సెలవులకు మా బిడ్డ కందిలోని హాస్టల్ నుంచి వచ్చి, “నాన్నా, నేను వీగన్ అయిన. పాలొద్దు, నెయ్యొద్దు, తేనె గూడ వద్దు” అన్నది. ఆ రోజు వెన్నముద్దల బతుకమ్మ. మా ఆవిడ చేతిలో వెన్న గిన్నె అట్లాగే ఉండిపోయింది. నేను మాత్రం ఆ క్షణమే పండుగ వంటల చార్జి తీసుకున్నాను.

మా అత్తమ్మ అల్లుడితో ఎదురుగా మాట్లాడదు. చెప్పాల్సింది గోడకో, కూతురికో చెబుతుంది. ఆ రోజు గోడకే చెప్పింది: “ఇగ తిన్నట్టే.”

అప్పటి నుంచి ఏడాదిగా నెయ్యికి బదులు నూనె, పాలకు బదులు సోయా పాలు పోస్తూ, వాటి వెంట చక్కెరను కూడా రకరకాలుగా మారుస్తున్నాను. బీరంగూడలో మా కాలనీలో ఇప్పుడు ఎవరింట్లో మిఠాయి చెడినా ముందు నన్నే తలుచుకుంటారు. అంత పేరు వచ్చాక నా అనుభవాన్ని దాచుకోవడం న్యాయం కాదని ఈ సలహాలు రాస్తున్నాను. నా సిద్ధాంతం ఒక్కటే. తియ్యగా ఉన్నది ఏదైనా, తియ్యగా ఉన్న ఇంకోదానికి బదులు పనికొస్తుంది.

1. కొనేముందు కిరాణా సేటును నిలదీయండి

వీగన్ అనే మాట 1944లో ఇంగ్లండులో పుట్టింది. అమెరికాలో కొన్ని రిఫైనరీలు చెరుకు చక్కెరను ఎముకల బొగ్గు గుండా వడపోసి తెల్లగా చేస్తాయి. అందుకని అక్కడి వీగన్లు చక్కెర ప్యాకెట్‌ను కూడా అనుమానంగా చూస్తారు. మనమూ చూడాలి. పటాన్‌చెరు అంగట్లో సేటును అడిగాను: “ఈ చక్కెర ఎముకల బొగ్గుతో వడపోసిందా?” నా వెనక ఏడుగురు నిలబడి ఉన్నారు. సేటు కాసేపు నా ముఖం చూసి, “సార్, ఎం-30 ఇయ్యాల్నా, ఎస్-30 ఇయ్యాల్నా?” అన్నాడు. అవి పలుకు సైజులు. ఎం కొంచెం పెద్దది, ఎస్ సన్నది. నేను వదల్లేదు. చివరికి బస్తా నా ముందర పడేసి, “మీరే సూస్కోండ్రి ఎముకలు” అన్నాడు.

మన దేశంలో ఎక్కువ మిల్లులు చెరుకు రసంలో సున్నం కలిపి, గంధకం కాల్చిన పొగ పట్టించి తేటపరుస్తాయి. అందులో ఎముకల పని లేదు. ఈ సంగతి ముందే తెలుసుకుంటే సేటుతో గొడవ ఉండేది కాదు. కానీ ముందే తెలుసుకుంటే విచారణ ఎట్లా అవుతుంది?

ఆ రాత్రి పాకంలో మురికి తేలింది. మిఠాయి దుకాణాల్లో పాకంలో గంటెడు పాలు పోస్తారు. పాలు విరిగి, మురికినంతా పట్టుకుని తెట్టుగా పైకొస్తాయి. తెట్టు తీసేస్తే పాకం అద్దంలా ఉంటుంది. నేనూ అదే చేశాను. ఎముకల కోసం పటాన్‌చెరంతా గాలించినవాణ్ని, అదే చేత్తో పాలు పోశానని మా బిడ్డ చెప్పేదాకా నాకు తట్టలేదు. నా సలహా: పాకంలో పాలు పోసేటప్పుడు బిడ్డను ఏదో పనిమీద బజారుకు పంపండి.

2. బెల్లం అయినా చక్కెర అయినా గ్లాసుకు గ్లాసే

మా అత్తమ్మ నువ్వుల ముద్దలు బెల్లంతో చేస్తుంది. అదే గ్లాసుతో చక్కెర కొలిచి పాకం పట్టాను. నువ్వులు పోసి కలిపాను. చేతులకు నూనె రాసుకుని వచ్చేలోపు గిన్నెలో బండ తయారైంది.

ఎందుకంటే బెల్లంలో సుక్రోజు ఒక్కటే ఉండదు. దాంతోపాటు గ్లూకోజు, ఫ్రక్టోజు కూడా కొంత ఉంటాయి. అవి మధ్యలో దూరి పలుకులను వరుస కట్టనీయవు. అందుకే బెల్లం ముద్ద వేడి తగ్గినా చేతికి లొంగుతుంది. తెల్ల చక్కెరలో అట్లా అడ్డొచ్చేవాళ్లు ఎవరూ లేరు. “పాకంల నిమ్మకాయ పిండితే గంత గట్టిపడకపోవు” అని అత్తమ్మ గోడకు చెప్పింది. నిజమే, పులుపు తగిలితే మరిగే చక్కెరలో కొంత విడిపోయి గ్లూకోజు, ఫ్రక్టోజు అవుతుంది. కానీ తీపి వంటలో పులుపేమిటని నేను వేయలేదు. నియమం నియమమే.

మరోసారి దీన్నే తిరగేసి, రవ్వ లడ్డులో చక్కెర పొడికి బదులు బెల్లం తురుము వేశాను. అది వానాకాలం. బెల్లం గాలిలోని తడిని పిలిచి మరీ పక్కన కూర్చోబెట్టుకుంటుంది. మూడో రోజుకు డబ్బాలో లడ్డులు లేవు, ఒకే ఒక లడ్డు ఉంది. డబ్బా ఆకారంలో ఉంది.

నువ్వుల బండ వృథా పోలేదు. మేడ మీద నీళ్ల ట్యాంకు మూత గాలికి ఎగరకుండా ఈనాటికీ కాపాడుతోంది.

3. పాకానికి కన్ను, చెయ్యి పనికిరావు

అత్తమ్మ పాకం చుక్కను పళ్లెంలోని నీళ్లలో వేస్తుంది. కరిగిపోతే ఇంకా లేతది. వేళ్లకు ఉండకడితే ఉండపాకం. పళ్లేనికి కొడితే టంగుమంటే ముదురుపాకం. కొలతా లేదు, రికార్డూ లేదు. ఆడిట్‌కు వచ్చేవాడు చూస్తే ఏమంటాడు?

నేను థర్మామీటర్ కొన్నాను. తీగపాకం దాదాపు 105 నుంచి 110 డిగ్రీల దగ్గర, ఉండపాకం 115 నుంచి 120 దాకా, పెళుసైన గట్టి పాకం 150 దగ్గర వస్తుంది. పాకం మరిగేకొద్దీ నీళ్లు తగ్గుతాయి, తగ్గేకొద్దీ వేడి పెరుగుతుంది. అత్తమ్మ పళ్లెం చెప్పేదీ థర్మామీటర్ చెప్పేదీ ఒకే మాట. అయితే నాకు ఈ అంకెలు నచ్చలేదు. పుస్తకాల్లో సుక్రోజు కరిగే ఉష్ణోగ్రత 186 డిగ్రీలని ఉంది. స్వచ్ఛమైన అంకె అది. బెల్లం పాకాన్ని అక్కడికి తీసుకెళ్లాలని నిశ్చయించుకున్నాను.

140 దాటాక గిన్నెలో నల్లటి నురగ లేచింది. రాత్రి పదిన్నరకు కాలనీలో కిటికీలన్నీ టపటపా మూసుకున్నాయి. బొల్లారం ఫ్యాక్టరీల దిక్కు నుంచి గాలి మళ్లిందనుకున్నారు. వాట్సాప్ గ్రూపులో “ఇయ్యాల ఏం వదిలిండ్రు?” అని మొదలైంది. పొద్దున పొల్యూషన్ బోర్డుకు రాసిన ఫిర్యాదు కాగితం మా ఇంటికీ వచ్చింది. అందరితోపాటు నేనూ సంతకం పెట్టాను. కాలనీలో ఐకమత్యం ముఖ్యం.

4. పరమాన్నం తెర్లుతుండగానే బెల్లం వేయండి

మామూలు పాలతో చేసినా, పరమాన్నం దించి కాస్త చల్లారాకే బెల్లం కలుపుతారు. వేడిగా ఉన్నప్పుడే వేస్తే బెల్లంలోని పులుపుకు పాలు విరుగుతాయి. సోయా పాలకు ఈ పాత భయాలు వర్తించవని నేను అనుకున్నాను, అవి పాలే కావు కదా! బియ్యం ఉడికి, సోయా పాలు తెర్లుతుండగా పావుకిలో బెల్లం వేశాను.

రెండు నిమిషాల్లో గిన్నెలో నీళ్లు ఒక పక్కకు, ముద్దలు ఒక పక్కకు వెళ్లిపోయాయి. సోయా పాలను పులుపుతోనో ఖనిజ లవణాలతోనో విరగ్గొట్టి చేసేదే టోఫూ. నేను తెలియకుండా దాన్నే చేశాను, బియ్యంతో కలిపి. “టోఫూ పరమాన్నం” అని పేరు పెట్టి వడ్డించాను. పేరు బాగుంది, ఎవరూ అడగలేదు, ఎవరూ తినలేదు.

కొబ్బరి పాలతో చేసేవాళ్లు రెండోసారి పిండిన పల్చటి పాలలో బియ్యం ఉడికించి, మొదటి చిక్కటి పాలు దించే ముందు పోసి, మరగనీయకుండా దించేస్తారు. ఇట్లా చేస్తే ఏ ఇబ్బందీ రాదు. ఇబ్బంది రాకపోతే మీరు నేర్చుకునేదీ ఏమీ ఉండదు.

5. ఖర్జూరంతో చేసి “చక్కెర లేదు” అని చీటీ అంటించండి

చక్కెరనే వాడలేదు కనుక ఇది అబద్ధం కాదు. గింజలు తీసిన ఖర్జూరం, పల్లీలు, కొబ్బరి రుబ్బి ఉండలు కట్టాను. పాకం లేదు, పొయ్యి లేదు, బండ కాలేదు. డబ్బా మీద పెద్ద అక్షరాలతో “నో షుగర్” అని రాశాను. మా ఇంట్లో ఆ డబ్బా అత్తమ్మ కోసమే, ఆమెకు షుగర్ ఉంది.

ఖర్జూరం బరువులో మూడింట రెండు వంతులు తీపే, గ్లూకోజు, ఫ్రక్టోజు. పీచు ఉంటుంది, నిజమే. కానీ ఆరు ఉండలు తిన్నాక పీచు ఎంతని అడ్డుపడుతుంది? అత్తమ్మ ఆరు తిన్నది. సాయంత్రం మీటర్ చూసి మా ఆవిడ నా వంక తిరిగింది. అత్తమ్మ మాత్రం గోడ వైపే తిరిగి అన్నది: “నో షుగర్ అని డబ్బాకు జెప్పిండు గని, ఖర్జూరం చెట్టుకు జెప్పలే.”

బెల్లం కూడా అంతే. అందులో అత్యధిక భాగం సుక్రోజే. రంగు చూసి మోసపోయేది మనమే, ఒంట్లోని రక్తం మోసపోదు. అయినా చీటీ మాత్రం అంటించండి, అతిథులకు ధైర్యం వస్తుంది.

6. తీపి లెక్క సరిపోతే చాలు, మిగతాది వృథా సరుకు

స్టీవియా చక్కెర కన్నా 200 నుంచి 300 రెట్లు తీపి. రవ్వ లడ్డుకు కిలో చక్కెర పట్టేది. 1000ని 250తో భాగిస్తే 4. కిలో చక్కెర తీసేసి, తక్కెడలో సరిగ్గా నాలుగు గ్రాముల పొడి తూచి వేశాను.

“మరి మిగిలిన 996 గ్రాములేవయ్యా?” అని మా ఆవిడ అడిగింది.

“అవి అనవసరం” అన్నాను.

చుట్టబోతే తెలిసింది, లడ్డు అంటే చాలావరకు ఆ 996 గ్రాములేనని. రవ్వను రవ్వకు పట్టి ఉంచేది, కరిగి జిగురయ్యేది, నోట్లో బరువుగా ఆనేది అదే. నా పళ్లెంలో ఉన్నది తియ్యటి వేయించిన రవ్వ. ఫ్యాను వేస్తే లేచిపోయింది.

ఎరిత్రిటాల్‌కు చక్కెర తీపిలో 60, 70 శాతం ఉంటుంది. తెల్లగా పలుకులుగా ఉంటుంది కనుక పాకం పడుతుందని రెండు గంటలు పొయ్యి ముందు నిలబడ్డాను. తీగ రాలేదు, చల్లారగానే మళ్లీ పలుకులై ఇసుకలా గరగరలాడింది. పైగా అది నోట్లో కరిగేటప్పుడు వేడిని లాక్కుంటుంది. చలికాలం పొద్దున ఆ లడ్డు తిన్న మా బిడ్డ, “నాన్నా, పళ్లు తోముకున్నట్టే ఉంది” అన్నది. ఒకే దెబ్బకు రెండు పనులు.

షుగర్‌ఫ్రీ మిఠాయిల్లో వేసే మాల్టిటాల్, సార్బిటాల్ ఎక్కువైతే పేగుల్లోకి నీటిని గుంజి కడుపు కదిలిస్తాయి. మందుల కంపెనీలో పనిచేసేవాణ్ని, నాకు తెలియక కాదు. అయినా పొద్దుటి షిఫ్టు బస్సులో మాల్టిటాల్ పట్టి డబ్బా పంచాను, రుచి బాగుందని అందరూ రెండోసారి కూడా తీసుకున్నారు. మర్నాడు బస్సు ముత్తంగి దగ్గర ఒకసారి, ఇస్నాపూర్ చౌరస్తాలో రెండుసార్లు ఆగింది. అప్పటి నుంచి నా పక్క సీటు ఖాళీగానే ఉంటోంది, కాళ్లు చాపుకుని పోతున్నాను.

జైలిటాల్‌తో చేసింది మాత్రం వీధి కుక్కలకు వేయకండి. అది వాటికి విషం. ఈ ఒక్క విషయంలో నా మాట వినండి.

7. ధర ఎక్కువైతే గుణమూ ఎక్కువే

లింగంపల్లిలో ఓ పెద్ద దుకాణంలో బ్రౌన్ షుగర్ కొన్నాను. మిల్లువాళ్లు రసాన్ని మరిగించి, పలుకు కట్టించి, యంత్రంలో గిరగిరా తిప్పి నల్లటి మొలాసిస్‌ను వేరు చేసి తెల్ల చక్కెర తీస్తారు. బజారులో దొరికే బ్రౌన్ షుగర్ చాలావరకు ఆ తెల్ల చక్కెరకే మళ్లీ కాస్త మొలాసిస్ పట్టించింది. కష్టపడి విడదీసిన ఇద్దరిని మళ్లీ కలిపినందుకు పెళ్లిళ్ల పేరయ్యలా కమీషన్ తీసుకుంటారు, ఇవ్వాలి మరి.

మా సంగారెడ్డి జిల్లాలో చెరుకు కొత్త కాదు. జహీరాబాద్ నుంచి చెరుకు ట్రాక్టర్లు వచ్చే రోజుల్లో ముంబై హైవే మీద వాటి వెనక చిక్కుకున్నవాళ్లందరికీ తెలుసు. గానుగ దగ్గర ఆడిన బెల్లంలో ఆ మొలాసిస్‌ను విడదీయనే విడదీయరు. అంటే బ్రౌన్ షుగర్‌కు కావాలనుకున్న రంగు, వాసన, తడి అన్నీ అందులో ముందే ఉన్నాయి. కానీ బెల్లం దిమ్మెకు అందమైన కాగితం సంచి ఉండదు, మీద పచ్చటి ఆకు బొమ్మ ఉండదు. అతిథి వచ్చినప్పుడు బల్ల మీద ఏం పెడతారు?

8. అన్నింటి లేబుళ్లూ చదవండి, మీరు చేసినదాని లేబుల్ తప్ప

వానాకాలంలో బిడ్డకు జ్వరం వచ్చింది. డాక్టర్ రాసిన మాత్ర అట్ట తిప్పి చూస్తూ, “నాన్నా, దీంట్ల లాక్టోజ్ ఉంటదా?” అని అడిగింది.

లాక్టోజ్ అంటే పాలలోని చక్కెర. చాలా మాత్రల్లో అసలు మందు చిటికెడే. దానికో బరువు, ఆకారం రావడానికి కలిపే పొడుల్లో లాక్టోజ్‌ది పెద్ద చెయ్యి. డ్రమ్ములకు డ్రమ్ములు తడి పరీక్ష చేసి పాస్ చేసినవాణ్ని నేను. చక్కెరలో ఎముకలు వెతికాను గానీ, 19 ఏళ్లుగా నా చేతుల మీదుగానే ఆవు పాలు మాత్రలవుతున్నాయని ఎన్నడూ అనుకోలేదు.

“ఉండదు బిడ్డా” అన్నాను గట్టిగా.

అది నవ్వింది. “ఉన్నా ఏసుకుంట నాన్నా. వీలైనంత వరకే అని వీగన్ సొసైటీ వాళ్లే రాసుకున్నరు. మందు మందే.” మింగి, నీళ్లు తాగి మళ్లీ అన్నది: “మీ కంపెనీ గూడ ఆ 996 గ్రాములు తీసెయ్యదు గద!”

నా సలహా: పిల్లల్ని ఎంత దాకా చదివించాలో ముందే ఆలోచించుకోండి.

9. పలుకు కట్టనిది ఏదైనా ఫెయిల్

ఇది నా అన్నింటికన్నా పెద్ద ప్రయోగం. ముంబై హైవే పక్కన, మా కళ్ల ముందే ఇక్రిశాట్ ఉంది. 1972లో పెట్టిన అంతర్జాతీయ సంస్థ. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగల మీద పరిశోధన వాళ్ల పని. కాండంలో చెరుకులా రసం ఉండే తీపి జొన్న మీదా పనిచేశారు. వాళ్ల తోడ్పాటుతో ఒకప్పుడు సంగారెడ్డి దగ్గరే ఆ రసంతో ఇథనాల్ తీసే డిస్టిలరీ నడిచింది. జొన్న చేనులో దంటు విరిచి నమిలిన పిల్లలకు ఆ తీపి ఎట్లాగూ తెలుసు.

జహీరాబాద్ దిక్కున మా చుట్టం ఒకాయన తీపి జొన్న నాలుగు సాళ్లు వేశాడు. ఈసారి బతుకమ్మకు ముందు ఆ దంట్లు మోపు కట్టి తెచ్చి, పటాన్‌చెరులో చెరుకు రసం బండివాడికి డబ్బులిచ్చి ఆడించాను. పది లీటర్ల రసం. జొన్న బెల్లం దిమ్మె కొట్టి, మీద నా పేరు అచ్చు వేద్దామనుకున్నాను.

మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా మరిగించాను. పచ్చటి తెట్టు తీస్తూ, కలుపుతూ ఉంటే చివరికి రెండు లీటర్ల నల్లటి చిక్కటి పాకం మిగిలింది. పళ్లెంలో పోశాను, దిమ్మె కట్టలేదు. రాత్రంతా ఉంచినా కట్టలేదు. తీపి జొన్న రసంలో గ్లూకోజు, ఫ్రక్టోజు వంతు ఎక్కువ, పిండిపదార్థం కూడా ఉంటుంది. నువ్వుల ముద్దలో బెల్లానికి మేలు చేసిన అడ్డుగాళ్లే ఇక్కడ దండుగా దిగారు. పలుకు కట్టదు, తేనెలా జారుతుంది. రికార్డు పుస్తకంలో ఎర్ర పెన్నుతో “ఫెయిల్. పారబోయవలెను” అని రాసి, సీసాల్లో పోసి వాకిట్లో పెట్టాను.

మా కంపెనీలో ఏ బ్యాచ్ చెడినా మూలకారణం కాలమ్‌లో “మానవ తప్పిదం” అని రాసి, దిద్దుబాటు కాలమ్‌లో “మళ్లీ శిక్షణ” అని రాస్తాం. ఇక్కడా అదే రాశాను. ఏ మానవుడో రాయలేదు.

సద్దుల బతుకమ్మ నాడు మధ్యాహ్నం షిఫ్టు దిగి వచ్చేసరికి వాకిట్లో సీసాలు లేవు. వంటింట్లో అత్తమ్మ జొన్న రొట్టెలు కాల్చి, వేడి మీదే చేత్తో నలిపి, దంచిన నువ్వులు, పల్లీలు వేసింది. బెల్లం తురమాల్సిన చోట సీసా వంచి ఆ నల్లటి పాకం పోసి మలీద ముద్దలు కట్టింది. నెయ్యి వేయలేదు. బిడ్డ తినాలి కదా.

తాంబాలంలో ముద్దలు వరుసగా ఉన్నాయి, ఊడిపోలేదు, బండ కాలేదు. నేను రికార్డు పుస్తకం, తక్కెడ, థర్మామీటర్ తెచ్చుకునే లోపు బతుకమ్మలు ఎత్తే వేళయింది. చెరువు దగ్గర ఆడి, బతుకమ్మను నీళ్లలో వదిలి, ఆడవాళ్లంతా సద్దులు పంచుకున్నారు. రాత్రి తాంబాలం ఖాళీగా ఇంటికి వచ్చింది. అంచున ఒక నువ్వు గింజ మాత్రం ఉంది, దాన్ని బిడ్డ వేలితో అద్ది నోట్లో వేసుకుంది.

రికార్డులో ఆఖరి వరుస ఇట్లా నింపాను. మీరూ ఇట్లాగే నింపండి.

బ్యాచ్: జొన్న పాకం, మలీద. ఫలితం: నమోదు కాలేదు. కారణం: పరీక్షకు శాంపిల్ మిగల్లేదు.